పాత కంప్యూటరుకు కొత్త తెర

గోదావరి డెల్టాలో పైకి కనిపించునది ఒండ్రుమట్టి. దాని క్రింద కొన్ని కిలోమీటర్ల మందమున పొరలు పొరలుగా పేరుకొన్న అవక్షేప శిలలు కలవు. ఆ పొరలలో ఎచ్చట చమురు, ఎచ్చట సహజవాయువు నిలువ యున్నవో తెలిసికొనుటకే 1978లో నర్సాపురము వద్ద అన్వేషక బావిని త్రవ్విరి. అయితే బావి త్రవ్వుటకు ముందు భూగర్భమును చూడవలెను గదా! భూమిపై చిన్న ప్రేలుడు గావించి, లోని పొరలపై పడి తిరిగి వచ్చు ప్రకంపనలను వరుసగా అమర్చిన గ్రాహకములతో నమోదు చేయుదురు. ఒక్కొక్క గ్రాహకమునుండి ఒక్కొక్క వంకర గీత లభించును. అట్టి గీతలను వేలకొలదిగా ప్రక్క ప్రక్కన పేర్చినచో, కోసిన పనసకాయ వలె, భూమి నిలువుకోత కంటికి కనిపించును.

ఈ గీతలను చూచుటకు సామాన్యమైన తెర చాలదు. 1987లో ఐ.బి.యం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో తెరకు అడ్డముగ 640 చుక్కలు, నిలువుగ 480 చుక్కలు మాత్రమే. నాలుగైదు వందల గీతలు పేర్చునప్పటికే చోటు నిండిపోవును. అందుచేత ప్రపంచమంతటను చమురు అన్వేషకులు, యంత్ర నిర్మాతలు, పరిశోధకులు 'వర్క్‌స్టేషను' అను పెద్ద తరగతి కంప్యూటరును ఆశ్రయించిరి. 1982లో నలుగురు స్థాపించిన సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థ వీటికి పేరు పొందినది. ఆ నలుగురిలో ఒకరు ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన వినోద్ ఖోస్లా. 1989లో ఆ సంస్థ వెలువరించిన స్పార్క్‌స్టేషను తెరపై అడ్డముగ 1152, నిలువుగ 900 చుక్కలుండెను. వి.జి.ఎ. తెరపై చుక్కలు సుమారు మూడు లక్షలు కాగా, దీనిపై పది లక్షలకు మించినవి.

ఆ యంత్రములు నేడు సామానుగదులలో ధూళి పట్టి యున్నవి. చేసిన సంస్థలు కూడ లేవు. సన్ సంస్థను 2010లో ఒరాకిల్ కొనివేసినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1998లో కాంపాక్ సంస్థలో కలిసిపోయినది. యంత్రములో మొదట చెడునది సాధారణముగ తెరయే. గాజుబుడ్డి తెర బరువైనది, వేడెక్కునది, కాలము గడచిన కొలది మసకబారునది. అది పోయినంతనే, మీట నొక్కిన ఏమియు కనబడలేదని, యంత్రమంతయు చచ్చినదని తీర్మానించి తూకమునకు అమ్మివేయుదురు. లోపలి డిస్కులో ఒకరి పదేండ్ల పరిశోధన ఉండవచ్చును. ఆ లెక్కలను చదువగల ప్రోగ్రాము ఆ యంత్రముపై తప్ప మరి దేనిపైనను నడువకపోవచ్చును. (ఈ నష్టము వర్క్‌స్టేషనులకే పరిమితము కాదు. తెలుగు లిపికి 1991లో యూనికోడులో స్థానము లభించినను, అటుపిమ్మట చాలకాలము అచ్చుపనివారు ఎవరి ఫాంటుకు వారి సంకేతములతోనే పుస్తకములు కూర్చిరి. ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాము ఉన్న యంత్రము పోయినచో ఆ కూర్పు అర్థముకాని గీతల పోగుగా మిగులును.) కన్ను పోయిన మనిషిని శవమని మోసుకొనిపోవుట ఎట్టిదో, ఇదియు అట్టిదే.

మరి అంగడినుండి కొత్త తెర తెచ్చి తగిలించిన సరిపోదా? సరిపోదు. ఎందులకు సరిపోదో తెలియవలెనన్న తెరపై బొమ్మ ఎట్లు ఏర్పడునో ముందు చూడవలెను.

వరుసలు - కేకలు

వరినాట్లు చూడని విద్యార్థి ఈ ప్రాంతమున ఉండడు. ఒకే మనిషి ఒక మడినంతయు నాటుచున్నట్లు ఊహింపుడు. ఎడమ గట్టునుండి కుడి గట్టువరకు ఒక వరుస నాటును. తరువాత వట్టి చేతులతో ఎడమ గట్టునకు తిరిగి వచ్చి, ఒక అడుగు వెనుకకు జరిగి రెండవ వరుస మొదలుపెట్టును. మడి అంతయు నిండిన పిమ్మట మరల మొదటి మూలకు పోవును. గాజుబుడ్డి తెరలో ఎలక్ట్రానుల పుంజము చేయుపని ఇదియే. అది ఎడమనుండి కుడికి పోవుచు ఒక్కొక్క చుక్కను వెలిగించును. తిరిగి వచ్చునప్పుడు మాత్రము ఆరిపోయి వచ్చును.

కంప్యూటరు పంపు సంకేతము ఒక తీగపై వరుసగా వచ్చు వోల్టేజి మాత్రమే. ఏ చుక్క ఏ వరుసలోనిదో ఆ వోల్టేజిపై వ్రాసి యుండదు. అందుచేత ప్రతి వరుస చివరను మేస్త్రీ ఒక పొట్టి కేక వేయును: 'వరుస అయినది, వెనుకకు రమ్ము'. మడి చివరను ఒక పొడుగు కేక వేయును: 'మొదటి మూలకు పొమ్ము'. మొదటిది అడ్డు సమకాల సంకేతము, రెండవది నిలువు సమకాల సంకేతము. పాత టెలివిజను ఉన్న యిండ్లలో బొమ్మ పైకి దొర్లుచు పోవుట, వెనుకనున్న చిన్న మరను త్రిప్పగా నిలుచుట పెద్దవారికి జ్ఞాపక ముండును. పొడుగు కేక సరిగా వినబడకపోవుటయే ఆ దొర్లుటకు కారణము. చిన్న కేక వినబడనిచో బొమ్మ ఏటవాలు పట్టీలుగా చిరిగిపోవును.

ఇక అంకెలు చూతము. భారతదేశపు టెలివిజను పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 వరుసలు. రెంటిని గుణింపగా సెకనుకు 15,625 వరుసలు. పాత టెలివిజను వేసినప్పుడు పిల్లలకు వినబడి పెద్దలకు వినబడని సన్నని ఈల ఈ పౌనఃపున్యమే. వి.జి.ఎ. పద్ధతిలో కంటికి కనబడు వరుసలు 480 అయినను, పుంజము క్రిందినుండి పైకి చేరుటకు పట్టు కాలముతో కలిపి 525 వరుసలు లెక్కింతురు. సెకనుకు 60 బొమ్మలు గనుక వరుసలు సుమారు 31,500. సన్ వర్క్‌స్టేషనులో కనబడు వరుసలు 900, మొత్తము 937, సెకనుకు 66 బొమ్మలు. ఈ గుణకారము విద్యార్థులే చేయవచ్చును. సుమారు 61,800 వచ్చును. అనగా ఒక్క వరుసకు లభించు కాలము 16 మైక్రోసెకండ్ల చిల్లర మాత్రమే. ఆ కాలములోనే 1152 చుక్కలు నాటి, తిరిగి ఎడమ గట్టుకు రావలెను. ఒక్క చుక్కకు పట్టు కాలము సుమారు 10.8 నానోసెకండ్లు.

వర్క్‌స్టేషనుతో వచ్చిన అసలు తెర ఈ ఒక్క వేగమునకే కట్టుబడి యుండెడిది. దానికి కారణము లేకపోలేదు. పుంజము వెనుకకు మరలు క్షణములో తీగచుట్టలలో నిలువయున్న శక్తి విడుదల యగును. ఆ శక్తితోనే తెరకు కావలసిన ఇరువది వేల వోల్టులకు పైబడిన పీడనమును పుట్టింతురు. ఉయ్యాలను దాని సహజమైన ఊపుతోనే త్రోయవలె నన్నట్లు, ఆ చుట్టలు, కండెన్సరులు ఒక పౌనఃపున్యమునకు శ్రుతి చేయబడి యుండును. వేరొక వేగమున నడిపినచో బొమ్మ రాకపోవుట అటుండగా, లోని ట్రాన్సిస్టరు కాలిపోవుటయు కలదు. ఈ సందర్భములోనే ఒక హెచ్చరిక: గాజుబుడ్డి తెరను విద్యార్థులు ఎన్నడును విప్పరాదు. మీట ఆర్పిన తరువాత కూడ ఆ పీడనము చాలసేపు నిలిచియుండును.

ఒకే రూపము, వేరు వేరు తీగలు

సన్ యంత్రము వెనుక తెర తగిలించు చోట ఒక విచిత్రమైన కనెక్టరు కనిపించును. దానిలో మూడు లావైన గుండ్రని గొట్టములు, పది సన్నని సూదులు. పేరు పదమూడు-డబ్ల్యు-మూడు. మూడు గొట్టములు ఎరుపు, ఆకుపచ్చ, నీలి రంగులకు. ఇదే రూపముగల కనెక్టరును సిలికాన్ గ్రాఫిక్స్ వారును, ఐ.బి.యం. వారును వాడిరి. కాని సన్నని సూదుల పని ఒకరిది ఒకరితో కలియదు. రూపము చూచి తీగ కొన్నవారు చాలమంది ఇక్కడనే మోసపోయిరి. ఏ సంస్థ యంత్రమునకు చేసిన తీగయో అడిగి మరీ తీసికొనవలెను. లేదా చిన్న మీటలు గలిగి, అన్ని విధములకును అమర్చుకొనదగిన కనెక్టరును తెచ్చుకొనవలెను.

ఆ సన్నని సూదులలో మూడింటికి చమత్కారమైన పని యొకటి కలదు. తనకు తగిలించిన తెర ఎట్టిదో యంత్రము వాటిని తడిమి తెలిసికొనును. ఒక్కొక్క సూది భూమికి కలుపబడి యుండవచ్చును, లేక విడిగా ఉండవచ్చును. మూడు సూదులకు రెండేసి స్థితులు, మొత్తము ఎనిమిది సంకేతములు. ద్విసంఖ్యా పద్ధతికి తరగతిలో చెప్పదగిన మంచి ఉదాహరణ ఇది. యంత్రము ఆ సంకేతమును బట్టి బొమ్మ వేగమును నిర్ణయించును. కొత్త తెర తీగలో ఈ సూదులు లేనందున యంత్రము తనకు తోచిన వేగము నెన్నుకొనును. అది కొత్త తెరకు నచ్చినదా సరే, నచ్చనిచో 'హద్దు మీరినది' అను అర్థముగల మాట తెరపై కనిపించి మాయమగును.

అసలు చిక్కు కేకల విషయములో కలదు. వి.జి.ఎ. తెర అడ్డు కేకకు ఒక తీగ, నిలువు కేకకు ఒక తీగ కోరును. సన్ యంత్రము రెండు కేకలను కలిపి ఒకే తీగపై పంపును. మరికొన్ని వర్క్‌స్టేషనులు ఆ ఒక్క తీగను కూడ దండుగ యని తలచి, కేకలను ఆకుపచ్చ రంగు తీగలోనే జొనిపినవి. రంగు సంకేతము సున్న నుండి 0.7 వోల్టు వరకు పైకి పోవును. కేక సున్నకు దిగువకు 0.3 వోల్టు దిగును. కావున ఒకే తీగలో రెండును ఒకదానితో ఒకటి పెనగులాడక ప్రయాణించును.

కలిసిన కేకలను విడదీయుట ఎట్లు? హైస్కూలు విద్యుత్ పాఠము చాలును. అడ్డు కేక పొట్టిది, ఒకటి రెండు మైక్రోసెకండ్లది. నిలువు కేక కొన్ని వరుసల కాలము సాగును, అనగా పదుల మైక్రోసెకండ్లు. వెయ్యి ఓముల నిరోధకమును, పది నానోఫారడుల కండెన్సరును కలిపినచో వాటి కాలమానము 10 మైక్రోసెకండ్లగును. ఒకటిన్నర మైక్రోసెకండు కేకకు ఆ కండెన్సరు ఏడవ వంతు మాత్రమే నిండును, అంతలో కేక ఆగిపోవును. అరువది మైక్రోసెకండ్ల కేకకు దాదాపు పూర్తిగా నిండును. పెద్ద కుండలో చెంబెడు నీరు పోసిన గుర్తు తెలియదు, బిందెలతో పోసిన తెలియును. ఈ పనినే చేయుటకు ఎల్.యం. 1881 అను చిన్న చిప్పు చాలకాలముగా దొరకుచున్నది. కొన్ని చదునుతెరలకు ఇదియు అక్కరలేదు. కలిసిన కేకను అడ్డు కేక తీగపై ఇచ్చినచో అవి తామే విడదీసికొనును. అట్టి సంగతి తెరతో ఇచ్చిన పుస్తకములో ఉండుట అరుదు, తగిలించి చూడవలసినదే.

ఆకుపచ్చ తీగలో కేక ఉన్న యంత్రమును సామాన్యమైన తెరకు కలిపినప్పుడు బొమ్మ అంతయు పచ్చగా, నాచు పట్టిన చెరువు వలె కనిపించుట కలదు. కేకలను విడదీసి ఇచ్చినను ఈ పచ్చదనము పోకపోవచ్చును. కారణమేమన, తెర ప్రతి వరుసకును ఒక క్షణమున 'ఇదియే నలుపు' అని కొలిచి గుర్తు పెట్టుకొనును. ఆ కొలత కేక సాగుచున్న సమయమునందే పడినచో, ఆకుపచ్చ తీగలో మాత్రము సున్నకు దిగువనున్న 0.3 వోల్టును నలుపని భ్రమించును. అంతట అసలు నలుపు కూడ దానికి లేత ఆకుపచ్చగా తోచును. రంగు మరలను ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు. కేకను ఆ తీగనుండి పూర్తిగా కోసివేయు పరికరము పెట్టవలెను, లేదా ఆకుపచ్చలో కేకను గుర్తింపగల తెరను సంపాదింపవలెను.

చుక్కలు లెక్కించు తెర

చదునుతెరలో ఎలక్ట్రానుల పుంజము లేదు, కాలిపోవు తీగచుట్టలు లేవు. దానిపై చుక్కలు చెరిగిపోని గళ్ళుగా ముందే ఏర్పడి యున్నవి. తీగపై ప్రవహించి వచ్చు వోల్టేజిని కోసి ఏ గడిలో ఏది వేయవలెనో అదియే నిర్ణయించుకొనవలెను. వర్క్‌స్టేషను ఒక వరుసకు, తిరుగు కాలముతో కలిపి, 1504 చుక్కల కాలము కేటాయించును. కాని ఆ సంఖ్యను తెరకు ఎవరును చెప్పరు. కేకకును కేకకును నడిమి కాలమును మాత్రమే అది వినును. దానికి తెలిసిన పట్టికలో దగ్గరగానున్న సంఖ్యను తీసికొని కోతకు దిగును. అది 1480 అని తలచినదనుకొందము. ఇరువదినాలుగు చుక్కల తేడా వచ్చినది. అప్పుడు తిరుగు కాలముతో సహా వరుస పొడవున ఇరువదినాలుగుచోట్ల కోత సరిగా చుక్క మధ్య పడక, రెండు చుక్కల సందున పడును. తెరపై నిలువుగ మసక పట్టీలు కనిపించును. రెండు దువ్వెనలను ఒకదానిపై ఒకటి పెట్టి చూచిన ఇటువంటి పట్టీలే కనిపించును. తెర మరలలో 'గడియారము' అను పేర ఉండు దానిని మెల్లగా త్రిప్పుచు పట్టీలను తగ్గించుకొనుచు పోయి, ఒక్కటియు లేనిచోట ఆపవలెను. పట్టీలు పోయినను అక్షరములు ఏకరీతిగ మసకగా నుండినచో 'దశ' అను మరను త్రిప్పవలెను. ఈ పనికి నల్ల చుక్క, తెల్ల చుక్క మార్చి మార్చి వచ్చు బొమ్మను తెరపై నింపుకొనుట మంచిది. తెల్లని ఖాళీ తెరపై ఈ తేడాలేవియు కంటికి ఆనవు.

అక్షరముల కుడివైపున నీడ వంటి రెండవ అక్షరము కనిపించిన తప్పు తీగది. ఈ తీగలు 75 ఓముల నిరోధమునకు చేసినవి. మధ్యలో సరికాని అతుకు గాని, చవుక తీగ గాని ఉన్నచో సంకేతములో కొంత వెనుకకు తిరిగి, యంత్రమును తాకి, మరల తెరకు వచ్చును. ఒకటిన్నర మీటరు తీగలో ఆ అదనపు రాకపోకలకు 15 నానోసెకండ్లు, అనగా ఒకటిన్నర చుక్కకు కొంచెము తక్కువ పట్టును. నీడ అంతదూరమున పడును. భూమి పొరలనుండి తిరిగి వచ్చు ప్రతిధ్వనితో పొరల లోతు కొలుచు లెక్కయు, ఈ నీడ దూరమును బట్టి తప్పున్న చోటును కనుగొను లెక్కయు ఒకే జాతివి.

పది పదునైదేండ్ల క్రిందటి 17, 19 అంగుళముల చదునుతెరలు ఈ పనికి మిక్కిలి అనుకూలమైనవి. వానిలో చాలవాటికి 1280 చుక్కల వెడల్పు, 1024 చుక్కల ఎత్తు. వరుసల వేగము సెకనుకు ముప్పదివేలనుండి దాదాపు ఎనుబదివేల వరకు అంగీకరించును. సన్ యంత్రపు 61,800 అందులో హాయిగా ఇమిడిపోవును. అట్టివి పాతసామాను అంగళ్ళలో నేటికిని తక్కువ వెలకు దొరకును. సరిక్రొత్త తెరలతోనే ఇబ్బంది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఎ.యం.డి. మొదలగు సంస్థలు వి.జి.ఎ.ను 2015 నాటికి విడిచిపెట్టుదుమని ప్రకటించినవి. నేటి తెరలలో అనేకమునకు ఆ రంధ్రమే లేదు, హెచ్.డి.యం.ఐ. వంటి అంకెల మార్గములు మాత్రమే కలవు. అప్పుడు నడుమ ఒక మార్పిడి పెట్టె అవసరము. చవుక పెట్టెలు టెలివిజను, వి.జి.ఎ. వేగములను ఉద్దేశించి చేసినవగుటచే 1152, 900 అను లెక్క వాటికి తెలియక బొమ్మను అంచులలో నరికివేయును. కొనుటకు ముందు ఆ పెట్టె 60 కిలోహెర్ట్జ్ దాటిన వరుసల వేగమును తీసికొనునా, చుక్కల సంఖ్యను చేతితో అమర్చుకొనవచ్చునా అని రెండు ప్రశ్నలడిగిన చాలును.

ఏ పెట్టెకును లొంగని యంత్రములు కొన్ని కలవు. తొలినాటి సన్ నలుపు-తెలుపు యంత్రములు రంగు వోల్టేజిని గాక, చుక్క ఉన్నది-లేదు అను రెండు మట్టముల సంకేతమును తొమ్మిది సూదుల కనెక్టరుపై పంపెడివి. దీనికి ప్రత్యేకముగ చేసిన పరికరము తప్ప దారిలేదు. నెక్స్ట్ సంస్థ 1988లో తెచ్చిన యంత్రము మరియు ప్రమాదకరము. అందులో తెరకు కావలసిన విద్యుచ్ఛక్తి కూడ బొమ్మ వచ్చు తీగలోనే వచ్చును. తెలియక కొత్త తెరకు కలిపినచో తెరకే ముప్పు.

తెర లేకయే మాట్లాడించుట

ఇంత శ్రమకు పూనుకొనుటకు ముందు యంత్రము బ్రతికి యున్నదా యని చూడవలెను గదా! సన్ యంత్రములలో దీనికి సులభోపాయము కలదు. కీబోర్డును ఊడదీసి మీట నొక్కవలెను. కీబోర్డు లేదని గ్రహించి యంత్రము తన మాటలను తెరకు గాక, వెనుకనున్న మొదటి సీరియల్ ద్వారమునకు పంపును. దానిని తగిన తీగతో నేటి కంప్యూటరుకు కలిపి, వేగము 9600, బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్టు 1 అని అమర్చినచో యంత్రము జ్ఞాపకశక్తిని పరీక్షించుకొనుట, డిస్కును వెదకుట అక్షరరూపమున కనిపించును. అయితే ఇక్కడ వాడు తీగ ఆర్.ఎస్. 232 పద్ధతిదై యుండవలెను. 3.3 వోల్టుల చిన్న పలకలను సూటిగా కలిపినచో అవి కాలిపోవును. ఈ మార్గముననే యంత్రములోని ఓపెన్ బూట్ అను మూల ప్రోగ్రాముతో సంభాషించి, బొమ్మ ఎచ్చటకు పంపవలెనో, కొన్ని బొమ్మ పలకలలోనైతే ఏ వేగమున పంపవలెనో కూడ నిర్దేశింపవచ్చును. చాలమంది తెరకై వారములు వెదకి, చివరకు చెడినది విద్యుత్ సరఫరా పెట్టె యని తెలిసికొందురు. సీరియల్ తీగ ఆ వారములను మిగుల్చును.

తెర వెలిగినంతనే ఆటలు ఆడుట, బొమ్మలు చూచుట కూడదు. ముప్పది యేండ్ల డిస్కు ఏ నిమిషమున నిలిచిపోవునో తెలియదు గనుక మొదట దాని నకలు తీయవలెను. రెండవ పని, గడియారపు చిప్పును చూచుట. ఎం 48 టి 02 అను ఈ చిప్పులోనే ఒక లిథియము బ్యాటరీ పూడ్చి యుండును. అది సుమారు పదేండ్లకు అయిపోవును. అయిపోయినచో కాలము మాత్రమే గాక, యంత్రపు నెట్‌వర్కు చిరునామాయు, గుర్తింపు సంఖ్యయు మాయమగును. కొన్ని ప్రోగ్రాములు ఆ గుర్తింపు సంఖ్యను చూచిన గాని నడువవు. సన్ యంత్రముల నెట్‌వర్కు చిరునామాలో మొదటి మూడు జతలు 08, 00, 20. మిగిలిన మూడు జతలు యంత్రమునకు యంత్రమునకు వేరు. అవి యంత్రము మొదలగునప్పుడు తెరపై కనిపించును. చిప్పును మార్చుటకు ముందే వాటిని కాగితముపై వ్రాసి, ఆ కాగితమును యంత్రపు మూత లోపలివైపున అంటించి పెట్టవలెను.